క్యాంపర్ బండిలో సోలార్ కరెంటు: ఏది ఆగితే ఎక్కడ వెతకాలి

మాది ఒడిశాలోని రాయగడ. పాత ట్రావెలర్ బండిని చిన్న ఇల్లులా మార్చుకుని నాలుగేళ్లుగా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాం. ఓసారి గోపాల్‌పూర్ సముద్రం, ఓసారి మహేంద్రగిరి, చలికాలం వస్తే కోరాపుట్ కొండలు. టాపు మీద రెండు సోలార్ ప్యానెళ్లు, సీటు కింద బ్యాటరీ, దాని పక్కన ఇన్వర్టర్. మా అమ్మ కూడా మాతోనే వస్తుంది. ఆమె ఇన్సులిన్ బండిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉంటుంది. అందుకే కరెంటు ఆగితే నాకు టెన్షన్.

గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు మనవాళ్లు కొందరు ఇప్పుడు ఇలా బళ్లు కట్టించుకుంటున్నారు. ఏదైనా ఆగితే ఫోన్ చేసి అందరూ అడిగేది ఒకటే: "బ్యాటరీ పోయిందంటావా?" నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. మిస్త్రీ మాట విని బాగున్న బ్యాటరీ తీసేసి కొత్తది వేయించాను. 15,000 రూపాయలు పోయాయి, సమస్య మాత్రం ఉన్నచోటే ఉంది. బ్యాటరీ, ప్యానెల్ అంత తేలిగ్గా పాడవవు. వాటి మధ్యలో ఉండే వైరు, లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొన), నట్టు, సెట్టింగు తొందరగా పాడవుతాయి. అందుకని ఏదీ మార్చకముందే కొలవండి.

ముందు మీటరు

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి బండిలో ఎప్పుడూ ఉండాలి. వీలైతే క్లాంప్ మీటరు, అంటే వైరు విప్పకుండా దాని చుట్టూ తగిలించి యాంప్స్ కొలిచేది, కూడా కొనండి. అయితే కొనేముందు అది డీసీ యాంప్స్ కొలుస్తుందో లేదో చూసుకోండి. బజార్లో తక్కువ ధరకు దొరికేవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. వాటిని బ్యాటరీ వైరుకు తగిలిస్తే సున్నా చూపిస్తాయి.

ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి బ్యాటరీ పెట్టె మూతకు అంటించుకోండి. 12 వోల్టుల ట్యూబులర్ లేదా మామూలు యాసిడ్ బ్యాటరీ, ఛార్జింగూ లోడూ లేకుండా రెండు మూడు గంటలు ఊరికే ఉన్నాక: నిండుగా ఉంటే 12.7 వోల్టులు, సగానికి వస్తే 12.2, 11.8కి వచ్చిందంటే ఖాళీ. లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే షాపుల్లో ఎల్ఎఫ్‌పీ అనేది, నిండుగా ఉంటే 13.3 నుంచి 13.4 దాకా చూపిస్తుంది. తర్వాత చాలాసేపు 13.2 దగ్గరే తిరుగుతుంది కాబట్టి వోల్టేజ్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. దానికి షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే యాంప్స్ కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకోవాల్సిందే.

లోడ్ పెట్టగానే ఇన్వర్టర్ కీచుమని ఆగిపోతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. నన్నూ ఏడిపించింది.

సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి దాటి, దేవమాలి కింద రాత్రి ఆగాం. దేవమాలి 1,672 మీటర్ల కొండ, ఒడిశా మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైనది. పొద్దున్నే మా ఆవిడ మిక్సీలో కొబ్బరి ముక్కలు, పచ్చిమిర్చి వేసి స్విచ్చి నొక్కింది. మూడు సెకన్లు తిరిగింది. ఇన్వర్టర్ కీచుమంది, ఎర్ర లైటు వెలిగింది, ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. బ్యాటరీ కొత్తది, వేసి నెల కూడా కాలేదు. మీటరు పెడితే 12.6 చూపిస్తోంది.

అప్పుడు మొదటిసారి లోడ్ మీద ఉండగా కొలిచాను. మా ఆవిడ స్విచ్చి నొక్కి పట్టుకుంది, నేను మీటరు పట్టుకున్నాను. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 12.2. అదే సమయంలో ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర 10.7. మధ్యలో 1.5 వోల్టులు మాయం. చాలా ఇన్వర్టర్లు 10.5 దగ్గర బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతాయి. మిక్సీ మోటారు మొదట లాగేటప్పుడు ఆ గీత కూడా దాటి కిందికి పోతోందన్నమాట.

ఆ 1.5 వోల్టులు ఎక్కడ పోతున్నాయో వెతకడం కష్టం కాదు. మీటరు ఒక పిన్ను బ్యాటరీ సీసపు టెర్మినల్ మీద, రెండో పిన్ను లగ్గు దాటాక రాగి తీగ మీద పెట్టి లోడ్ వేశాను. 0.7 చూపించింది. ఒకే తీగ, ఒకే చోటు, మధ్యలో ఒక లగ్గు. అక్కడ సున్నాకు దగ్గరగా రావాలి. మిక్సీకి ఆ వైరులో దాదాపు 70 యాంప్స్ పారుతుంది. 70ని 0.7తో గుణిస్తే 49 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. ఆ వేడి మా అమ్మ పడుకునే సీటు కింద, ఒక్క లగ్గులో పుడుతోంది.

టేపు విప్పాను. లగ్గు మెడ దగ్గర తీగలు నల్లబడి ఉన్నాయి. కొంచెం గట్టిగా లాగితే వైరు చేతిలోకి ఊడొచ్చింది. కట్టినవాళ్లు దాన్ని కటింగ్ ప్లయర్‌తో నొక్కి టేపు చుట్టేశారు.

ఆ రోజు మిక్సీ మానేశాం. రాయగడ తిరిగొచ్చాక చేసింది ఇది. వైరు 10 స్క్వేర్ ఎంఎం నుంచి 35కి మార్చాను. 3 మీటర్ల దూరంలో ఉన్న ఇన్వర్టర్‌ను బ్యాటరీ పక్కకే జరిపి 1 మీటరులో ముగించాను. లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో వేయించి పైన హీట్ ష్రింక్ తొడిగించాను. పాత 10 ఎంఎం వైరు పోనూ రానూ 6 మీటర్లలో, 70 యాంప్స్ దగ్గర, 0.7 వోల్టులకు పైగా మింగేది. కొత్తది 0.1 కూడా మింగదు. ఆ తర్వాత అదే మిక్సీ, అదే బ్యాటరీ, ఇన్వర్టర్ చప్పుడు చేయలేదు.

మీ బండిలో కొలిచినప్పుడు బ్యాటరీ దగ్గరే వోల్టేజ్ 11 కిందికి కూలిపోతే కథ వేరు. అప్పుడు బ్యాటరీ నిజంగా ఖాళీ అయినా ఉండాలి, పాతబడైనా ఉండాలి. ముందు ఒక రోజంతా ఛార్జ్ పెట్టి మళ్లీ కొలవండి. అప్పటికీ కూలిపోతుంటే మార్చండి.

రెండు చోట్లా వోల్టేజ్ బాగానే ఉండి ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అంటుంటే, మోటారు మొదటి లాగుడు తట్టుకోలేకపోతోందని అర్థం. ఫ్రిజ్, మిక్సీ, నీళ్ల మోటారు లాంటివి మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ లాగుతాయి. ఇండక్షన్ స్టవ్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 1,800 వాట్ల స్టవ్‌కి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 170 యాంప్స్ పైనే కావాలి. బండిలో వంటకు గ్యాసే మంచిది, నేను గట్టిగా చెప్పేది అదే.

ఘాటీ రోడ్ల కుదుపులకు నట్లు వదులవుతాయి. నట్టు బిగించాక దాని మీద నుంచి లగ్గు మీదకి మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడైనా ఆ గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇంకొకటి, బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. 1,000 వాట్ల ఇన్వర్టర్, 35 ఎంఎం వైరుకి 125 లేదా 150 యాంప్స్ ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు లేని బండిలో పిల్లలను పడుకోబెట్టకండి.

ఎండ మండిపోతున్నా ఛార్జింగ్ సగం కూడా రావడం లేదు

గుణుపూర్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, 330 వాట్ల ప్యానెల్ కదా, మిట్టమధ్యాహ్నం కూడా 110 దాటట్లేదు. షాపువాడు మోసం చేశాడంటావా?"

"కంట్రోలర్ మీద ఏం రాసుందిరా?"

"పీడబ్ల్యూఎం అని ఉంది."

కంట్రోలర్ అంటే ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్ చూసుకునే పెట్టె. ప్యానెల్‌లో దోషం లేదు. 330 వాట్ల పెద్ద ప్యానెల్‌కి 72 సెల్స్ ఉంటాయి. అది దాదాపు 37 వోల్టుల దగ్గర 8.8 యాంప్స్ ఇస్తుంది. పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఒక స్విచ్చి లాంటిది, ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలుపుతుంది. బ్యాటరీ 13 వోల్టుల దగ్గర ఉంటే ప్యానెల్ కూడా 13కే దిగాలి. 13ని 8.8తో గుణిస్తే 114 వాట్లు. మిగతాది వృథా. ఎంపీపీటీ కంట్రోలర్ అయితే ఆ ఎక్కువ వోల్టేజ్‌ని యాంప్స్‌గా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. పీడబ్ల్యూఎమ్మే వాడాలనుకుంటే 36 సెల్స్ ప్యానెల్, అంటే 18 వోల్టుల దగ్గర పనిచేసేది కొనాలి. వాడు కంట్రోలర్ మార్చాడు, ఆ వారమే 250 దాటిందని ఫోన్ చేశాడు.

ఎంపీపీటీ కొనేటప్పుడు దాని మీద రాసిన గరిష్ఠ ప్యానెల్ వోల్టేజ్ చూడండి. 72 సెల్స్ ప్యానెల్ లోడ్ లేనప్పుడు 46 వోల్టుల దాకా ఇస్తుంది. చలిలో ఇంకా పెరుగుతుంది. కోరాపుట్ కొండల మీద డిసెంబరు పొద్దున ఎండ పడగానే 48 చూపించినా ఆశ్చర్యం లేదు. 50 వోల్టులే తట్టుకునే కంట్రోలర్ అంచు మీద నడుస్తున్నట్టే. అలాంటివి రెండు సిరీస్‌లో కలిపితే అక్కడికక్కడే కాలిపోతుంది. 100 వోల్టులదో 150దో తీసుకోండి.

కంట్రోలర్ సరైనదే అయినా తక్కువ వస్తుంటే నీడ కోసం చూడండి. చిన్న నీడే కదా అనుకుంటాం. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ ఒక దండలా వరసగా కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ దండ మొత్తం బిగుసుకుంటుంది. అందుకే నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటు పోయేలా వెనక బైపాస్ డయోడ్లు పెడతారు. 36 సెల్స్ ప్యానెల్‌కి సాధారణంగా రెండే ఉంటాయి. ఒక కొబ్బరి ఆకు నీడ సగం ప్యానెల్‌ని పక్కన పెట్టిస్తే మిగిలిన సగం 9 వోల్టులే ఇస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి 9 వోల్టులతో ఏం ఎక్కుతుంది? పీడబ్ల్యూఎం మీద అది దాదాపు సున్నా. మా టాపు మీద క్యారియర్ రాడ్డు నీడ మధ్యాహ్నం 3 తర్వాత ఒక ప్యానెల్ మీద పడేది. రాడ్డు కోయించాను. కోయడం కుదరకపోతే రెండు ప్యానెళ్లను పారలల్‌లో కలపండి. ఒకటి నీడలో ఉన్నా రెండోది పూర్తిగా పనిచేస్తుంది.

తోటల్లో ఆగేటప్పుడు ఇదే తంటా. గజపతి జిల్లాలో జీడిమామిడి చెట్ల కింద ఆగితే మనకు హాయి, ప్యానెల్‌కి పస్తు. మేము 15 అడుగుల వైరుతో ఒక మడత ప్యానెల్ కొనుక్కున్నాం. బండి నీడలో ఉంటుంది, అది ఎండలో ఉంటుంది.

వేసవి వేడి ఇంకొక దొంగ. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మే నెల ఎండలో రేకు టాపు మీద సెల్ 65, 70 డిగ్రీలకు పోతుంది. ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గుతూ పోతే 100 వాట్లు 85కి వస్తాయి. ప్యానెల్‌కీ టాపుకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచండి, గాలి ఆడుతుంది. టాపుకి జిగురుతో అంటించే వంగే ప్యానెళ్లు మన ఎండకు పనికిరావని నా అభిప్రాయం. కింద గాలి లేక మాడిపోతాయి.

డిసెంబరులో తక్కువ రావడానికి కారణం సూర్యుడే. రాయగడ 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం 12కి కూడా సూర్యుడు 47 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పడుకోబెట్టిన ప్యానెల్‌కి ఆ సమయంలో ముప్పావు వంతు కన్నా తక్కువ పడుతుంది. ప్యానెల్‌కి ఒక వైపు బందులు వేసి, రెండో వైపు ఎత్తి దక్షిణానికి వాల్చేలా కాళ్లు పెట్టించండి. బండి తీసేముందు దింపడం మాత్రం మర్చిపోకండి. మే నెల మధ్యలో, మళ్లీ జూలై చివర్లో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీద ఉంటాడు, అప్పుడు పడుకోబెట్టినా పర్వాలేదు.

ఎర్రమట్టి దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున్నే, గాజు చల్లగా ఉన్నప్పుడు, తడిగుడ్డతో తుడవండి. కాలిపోతున్న గాజు మీద చల్లటి నీళ్లు పోయకండి.

రాత్రి ఏమీ వాడలేదు, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయింది

ఇన్వర్టర్ ఆన్‌లో వదిలేశారా? ఇంటికి వాడే ఇన్వర్టర్ ఏ లోడూ లేకపోయినా 1 నుంచి 1.5 యాంప్స్ తాగుతూనే ఉంటుంది. ఒక రోజంతా లెక్కేస్తే 24 నుంచి 36 ఏహెచ్, అంటే యాంప్ అవర్లు (యాంప్స్‌ని గంటలతో గుణించినది). 100 ఏహెచ్ బ్యాటరీలో మూడో వంతు, ఒక్క బల్బూ వెలగకుండానే పోయినట్టు.

క్లాంప్ మీటరును బ్యాటరీ నెగటివ్ వైరుకు తగిలించి అన్నీ ఆపేయండి. 0.1 యాంప్ లోపు చూపిస్తే ఫర్వాలేదు. అంతకన్నా ఎక్కువైతే ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ చూడండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతే దొంగ అక్కడే. మా బండిలో అది స్టీరియో.

రాత్రికి కావాల్సినవన్నీ నేరుగా 12 వోల్టుల మీద పెట్టుకుని ఇన్వర్టర్ ఆపేసి పడుకోవడమే దీనికి మందు. డీసీ ఫ్యాన్, డీసీ ఎల్ఈడీలు, యూఎస్‌బీ సాకెట్, 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. మా ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుంది, రోజులో నలభై శాతం సేపు నడుస్తుంది. అంటే రోజుకు 36 ఏహెచ్. ఇంట్లో వాడే చిన్న ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద నడిపితే ఇన్వర్టర్ ఖర్చు దానికి అదనం.

ఫ్యాన్ బొయ్యిమని మోగుతోంది, ఛార్జర్ వేడెక్కుతోంది అంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. మోటార్లకు, వైద్య పరికరాలకు ఇంటి కరెంటు లాగే నున్నటి అలలా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ కావాలి.

ప్యానెల్ నుంచి అసలేమీ రావడం లేదు

మిట్టమధ్యాహ్నం ప్యానెల్ వైర్లను కంట్రోలర్ నుంచి విప్పి మీటరు పెట్టండి. 36 సెల్స్ ప్యానెల్‌కి 20 నుంచి 22 వోల్టులు రావాలి. వస్తే ప్యానెల్, వైరు బాగున్నట్టే, కంట్రోలర్ చూడండి. రాకపోతే టాపు మీద ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లను చూడండి. రెండు వేరువేరు కంపెనీల కనెక్టర్లు బిగిస్తే పైకి సరిగ్గానే కూర్చుంటాయి, లోపల పిన్నులు వదులుగా ఉండి కాలతాయి. కరిగిన ప్లాస్టిక్ కనిపిస్తే రెండూ కోసేసి ఒకే కంపెనీ జత వేయండి. మీటరులో అంకె ముందు మైనస్ చూపిస్తే వైర్లు తిరగబడ్డాయి.

విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. ఈ వరస తప్పితే కొన్ని కంట్రోలర్లు కాలిపోతాయి. ప్యానెల్ లైన్‌లో ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పెట్టకండి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఎంసీబీ తెరుచుకునేటప్పుడు లోపల పుట్టే మెరుపు ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. మెరుపు అలాగే నిలబడి ఎంసీబీనే కాల్చేస్తుంది. డీసీ అని రాసి ఉన్నదే కొనండి.

బండి రోజంతా నడిపినా బ్యాటరీ నిండలేదు

బండి ఇంజిన్ బ్యాటరీ నుంచి వెనక బ్యాటరీకి లాగిన వైరు 5 మీటర్ల దూరం వెళుతుంది. 6 ఎంఎం వైరులో 30 యాంప్స్ పారితే పోనూ రానూ దాదాపు 0.9 వోల్టులు పోతాయి. ఆల్టర్నేటర్ 14.2 ఇస్తే వెనక 13.3 చేరుతుంది. ట్యూబులర్ బ్యాటరీకి 14.4 కావాలి, 13.3తో అది ఎప్పటికీ పూర్తిగా నిండదు. 16 ఎంఎం వైరు వేస్తే నష్టం 0.33కి తగ్గుతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ ఇంధనం ఆదా కోసం వోల్టేజ్‌ని తనంతట తానే తగ్గించుకుంటుంది. అలాంటి బండిలో మామూలు వోల్టేజ్ రిలే (వోల్టేజ్ ఎక్కువుంటే రెండు బ్యాటరీలను కలిపి, తగ్గితే విడదీసే స్విచ్చి) పెడితే అది మాటిమాటికీ ఆగిపోతుంది. వచ్చిన వోల్టేజ్‌ని వెనక బ్యాటరీకి కావాల్సినట్టు మార్చి ఇచ్చే డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టించుకోండి. లిథియం బ్యాటరీ ఉంటే ఏ బండికైనా అదే పెట్టాలి. నేరుగా కలిపితే లిథియం ఎంత ఇస్తే అంత తాగేస్తుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది.

లిథియం బ్యాటరీ ఉన్నట్టుండి మొత్తం చీకటి చేసింది

బ్యాటరీ దగ్గర మీటరు పెడితే సున్నానో 4, 5 వోల్టులో చూపిస్తుంది. చచ్చిపోయిందని భయపడకండి, లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) తలుపు మూసుకుంది. ఖాళీ అయి మూసుకుంటే, లిథియం మోడ్ ఉన్న ఛార్జర్ పెట్టగానే మెలకువ వస్తుంది.

పట్టపగలు, నిండుగా ఉన్నప్పుడు ఇలా జరిగితే కంట్రోలర్ సెట్టింగు చూడండి. యాసిడ్ బ్యాటరీ సెట్టింగులో వదిలేస్తే నెలకోసారి సెల్స్ అన్నిటినీ సమం చేసే ఈక్వలైజేషన్ పేరుతో 15 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. లిథియం 14.6 దగ్గరే తలుపు మూసేస్తుంది. అప్పుడు పట్టుకునే బ్యాటరీ లేక వోల్టేజ్ ఎగిరి మీ లైట్లు, ఫ్యాన్ కాలిపోవచ్చు. 14.2 నుంచి 14.4 దగ్గర ఛార్జ్, 13.5 దగ్గర ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజ్) పెట్టండి. ఈక్వలైజేషన్, టెంపరేచర్ కాంపెన్సేషన్ రెండూ ఆపేయండి.

కుళ్లిన గుడ్ల వాసన

ఇది ట్యూబులర్ బ్యాటరీ ఉన్నవాళ్లకు. ఈ వాసన వస్తే ఇంకేమీ ఆలోచించకండి. అందరూ బయటికి దిగండి, తలుపులన్నీ తెరవండి, అగ్గిపుల్ల గీయకండి, గ్యాస్ వెలిగించకండి. బయటి నుంచి ప్యానెల్ మీద దుప్పటి కప్పేస్తే ఛార్జింగ్ ఆగుతుంది. లోపల గాలి ఆడాక బ్యాటరీ తాకి చూడండి. కాలుతోందంటే ఒక సెల్ షార్ట్ అయి మిగతా సెల్స్ అతిగా ఛార్జ్ అవుతున్నాయి. ఆ బ్యాటరీ పని అయిపోయింది.

వాసన లేకపోయినా ఛార్జ్ అయ్యేటప్పుడు యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. పడుకునేచోట ఉంటే మూత బిగిసే పెట్టెలో పెట్టి, పెట్టె పైభాగం నుంచి బయటికి ఒక గొట్టం వేయండి. నిండుగా ఛార్జ్ అయ్యాక గుర్తు దాకా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. 150 ఏహెచ్ ట్యూబులర్ 50 కిలోల పైమాటే. ఘాటీ మలుపుల్లో దొర్లకుండా నేలకు బెల్టుతో బిగించండి. రెండేళ్ల కింద నేను ట్యూబులర్ తీసేసి లిథియం వేసుకోవడానికి పెద్ద కారణం ఈ గ్యాసే.

బండి తాకితే చిమచిమమంటోంది

చిన్న ఇన్వర్టర్లలో రెండు వైర్లూ భూమికి కలవకుండా తేలుతూ ఉంటాయి. ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీకి కొంచెం కరెంటు పాకి చిమచిమ అనిపిస్తుంది. ఇన్వర్టర్ మీద ఎర్త్ స్క్రూ ఉంటుంది, దాన్ని మందపాటి వైరుతో బండి ఛాసిస్‌కి కలపండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. అయితే ఇన్వర్టర్ న్యూట్రల్ ఎర్త్‌కి కలిసి ఉంటేనే అది పనిచేస్తుంది. కొన్ని ఇన్వర్టర్లకు అలా కలపకూడదు. మాన్యువల్ చూసి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. గట్టిగా షాక్ కొడితే మాత్రం అది చిమచిమ కాదు, ఎక్కడో ఫేజ్ వైరు రేకును తాకుతోంది. ఇన్వర్టర్ ఆపేసి వెతకండి.

ఇది చదివేవాళ్లందరికీ చేతులు పట్టుకుని చెబుతున్నాను: రెండు వైపులా పిన్నులున్న వైరు తయారు చేయకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి, గుణుపూర్ వైపు ఎంత చేసిందో చూశాం. అలా కరెంటు లేని రోజుల్లో జనరేటర్‌నో బండి ఇన్వర్టర్‌నో ఆ వైరుతో ఇంటి సాకెట్లో గుచ్చేవాళ్లు ఉంటారు. బయట ఉన్న పిన్ను చేతికి తగిలితే మనిషి పోతాడు. మెయిన్ ఆపకపోతే కరెంటు బయటి లైన్‌లోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు ఎక్కిస్తుంది. అవతల స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. ధాబాలోనో చుట్టాలింట్లోనో కరెంటు తీసుకోవాలంటే బండిలో చేంజోవర్ స్విచ్చి పెట్టించండి. బయటి కరెంటు, ఇన్వర్టర్ రెండూ ఒకేసారి ఎప్పటికీ కలవవు.

సముద్రం నుంచి వచ్చాక

గోపాల్‌పూర్‌లో రెండు రోజులు ఆగితే చాలు, టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము మొదలవుతుంది. ఇంటికి రాగానే ప్యానెల్స్ మంచినీళ్లతో కడగండి. టెర్మినళ్లు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ రాయండి. ముందు రాసి తర్వాత బిగించకండి.

అన్నీ బాగున్నాయి, అయినా మూడో రోజుకి బ్యాటరీ ఖాళీ

వానాకాలంలో ఇది లోపం కాదు, లెక్క. 330 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండ రోజున నష్టాలు పోను 1,000 వాట్ అవర్ల దాకా ఇస్తాయి. ముసురు పట్టిన రోజున మా బండిలో అందులో నాలుగో వంతు కూడా రాదు. మా వాడకం రోజుకు 700 వాట్ అవర్లు. అంటే ముసురు రోజున 450కి పైగా బ్యాటరీ నుంచి పోతుంది. 200 ఏహెచ్ లిథియం, అంటే 2,560 వాట్ అవర్లు, నిండుగా ఉన్నా ఐదు రోజుల మాట. 150 ఏహెచ్ ట్యూబులర్ అయితే సగానికన్నా దించకూడదు కాబట్టి రెండు రోజులే. కాగితం మీద మీ సామాన్ల వాట్లు, గంటలు రాసి ఒక్కసారి లెక్క కట్టండి.

పోయిన ఆగస్టులో జయపురం దగ్గర నాలుగు రోజులు విడవకుండా కురిసింది. రెండో రోజే ఫ్యాన్, టీవీ ఆపేశాం, ఫోన్లు బండి నడిపేటప్పుడే ఛార్జ్ చేశాం. మూడో రోజు కోరాపుట్ దాకా వెళ్లి వచ్చాం. ఆ దారిలో డీసీ ఛార్జర్ 30 యాంప్స్ చొప్పున గంటన్నర ఎక్కించింది, 45 ఏహెచ్. ఫ్రిజ్‌కి ఒక రోజు దాటి సరిపోతుంది. ఆ నాలుగు రోజులూ ఫ్రిజ్ ఒక్కటీ ఆపలేదు. అమ్మ ఇన్సులిన్ పక్కన పెట్టిన చిన్న థర్మామీటర్ 5 డిగ్రీల దగ్గరే ఉంది.